బరువు ఉంది, ఎత్తిన మనిషి లేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక రిటైర్డ్ మాస్టారి ఉత్తరం వేశారు. ఈకాలం పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ముక్కూ మొహం తెలియని కొరియా పాటగాళ్ళ కోసం చదువులు పాడుచేసుకుంటున్నారనీ, తమ రోజుల్లో ఇలాంటి పిచ్చి ఎరగమనీ, తల్లులు గట్టిగా ఉండి ఫోన్లు లాక్కుంటే రెండు నెలల్లో అన్నీ సర్దుకుంటాయనీ రాశారు. ఆయన ఎవరో నాకు తెలీదు గానీ మా మాస్టార్లు మాట్లాడినట్టే ఉంది కాబట్టి కోపమేమీ రాలేదు. "మా రోజుల్లో ఎరగం" అన్న మాట దగ్గర మాత్రం నవ్వొచ్చింది. ఉండేది మాస్టారూ. మీ కంటపడకుండా ఉండేది, అంతే. స్వయంగా వెలగబెట్టినదాన్ని కాబట్టి చెప్తున్నాను, అదీ ఏ పేపరో అనుకుంటున్నారేమో, మీ పేపరునే కత్తిరించి.

మాది ఆమదాలవలస. రైల్లో వచ్చేవాళ్ళకి శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అంటే తెలుస్తుంది. 2000లో నేను పదో తరగతి. ఆ ఏడాది జనవరిలో హృతిక్ రోషన్ దిగాడు, జూన్‌లో ఉదయ్ కిరణ్, అక్టోబరులో హీరోగా తరుణ్. పబ్లిక్ పరీక్షల ఏడాదిలో పదిహేనేళ్ళ గుంటల మీదకి ముగ్గుర్ని వరసగా వదిలితే ఏం చదువుతాం చెప్పండి. మేం నలుగురం ఒక బెంచీ. పొలం వాటాలు వేసుకున్నట్టు హీరోలని వేసుకున్నాం. హృతిక్ అందరికీ కావాలి, ఎవరూ వదలరు, అందుకని అతన్ని ఉమ్మడి ఆస్తి కింద ఉంచేశాం. ఉదయ్ కిరణ్ నా వాటాకి వచ్చాడు. వాటా తేలాక ఒకరి హీరో గురించి ఇంకొకరు మరీ ఎక్కువ పొగడకూడదు, పొగిడితే రెండు రోజులు మాటల్లేవు. ఇంటర్వెల్లో "మీ ఆయన ఫోటో వచ్చిందే ఇవాళ" అని చెవిలో చెప్పుకునేవాళ్ళం. పదో తరగతి అయ్యాక స్లామ్ బుక్కులు రాసుకున్నప్పుడు అభిమాన హీరో అన్నచోట అందరం బుద్ధిగా చిరంజీవి అని రాశాం, అన్నయ్యలు చూస్తారు కదా. అసలు పేరు వెనక పేజీలో పొట్టి అక్షరాల్లో ఉండేది. నేను యూకే అని రాస్తే మా చిన్నాన్న అది చదివి, "పర్లేదే, పిల్ల ఇంగ్లండు వెళ్ళి చదువుకుంటాననుకుంటున్నాది" అని మా అమ్మతో చెప్పి మురిసిపోయాడు.

మాస్టారి ఉత్తరంలో "అందులోనూ ఆడపిల్లలు" అన్న ముక్క గురించి కూడా ఒక మాట. మా అన్నయ్య గది గోడ మీద సచిన్ నిలువెత్తు పోస్టరు ఉండేది, 1998లో షార్జాలో రెండు సెంచరీలు కొట్టిన దగ్గర్నుంచి. దానికి మా అమ్మ వినాయక చవితికి బొట్టు కూడా పెట్టింది. అన్నయ్య స్నేహితులు హీరోల కటౌట్లకి పాలు పోశారు, కొబ్బరికాయలు కొట్టారు, రిలీజు రోజున కాలేజీ ఎగ్గొట్టారు, పేరు పెట్టుకుని సంఘం కట్టుకున్నారు. వాళ్ళని ఊళ్ళో అభిమానులు అనేవారు. నేను సోషల్ పుస్తకంలో అరచెయ్యంత ఫోటో దాచుకుంటే దాన్ని పిచ్చి అన్నారు.

సరే, అసలు సంగతికొస్తాను.

ఫోటోలు దొరకడం ఇప్పటిలా కాదు. రథసప్తమికి అరసవల్లి వెళ్తే తీర్థంలో బళ్ళ మీద హీరోల ఫోటోలు అమ్మేవారు, ఏడాదికోసారి. సినిమా పత్రికలు కొనడానికి డబ్బుల్లేవు, ఉన్నా ఇంట్లోకి తేలేం. ఇక మిగిలింది రోజూ ఇంటికొచ్చే మీ పేపరే. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చేలోపు, ఆయన గడ్డం గీసుకుని పారేసిన బ్లేడు సగానికి విరిచి, దాంతో కోసేదాన్ని. కత్తెర అయితే చప్పుడవుతుంది, పైగా జుట్టు అంచులు సరిగ్గా రావు. ఉదయ్ కిరణ్ జుట్టు కొయ్యడం చాలా కష్టం అండీ, ఊపిరి బిగబట్టి పని చెయ్యాలి.

2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మల్లీశ్వరికి పతకం వచ్చింది. కరణం మల్లీశ్వరి అంటే దేశానికి ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి ఆడమనిషి, మాకు మాత్రం ముందు ఊసవానిపేట అమ్మాయి, మా మండలమే. ఆ ఊళ్ళో బరువులెత్తడం నేర్చుకుని 1994లోనూ 1995లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్ లిఫ్టింగ్ పెట్టడమే ఆ ఏడాది మొదలు. 69 కిలోల విభాగం. ఒక్క ఊపున పైకెత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా, తర్వాత తల మీదకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 ఎత్తి కాంస్యం తెచ్చింది. సిడ్నీ నుంచి మన దేశానికి వచ్చింది ఆ ఒక్క పతకమే. ఈ అంకెలన్నీ నాకు నాన్న నోట విని విని వచ్చినవే. ఇవాళ్టికీ ఎవరైనా దొరికితే ఆయన మొదలుపెడతాడు: క్లీన్ అండ్ జెర్క్‌లో ఆఖరి సారి 137.5 కి వెళ్ళింది, అది ఎత్తి ఉంటే బంగారమే, కానీ అంత దూరం పోనక్కర్లేదు, 132.5 అడిగినా మొత్తం 242.5 అయ్యేది, మొదటి ఇద్దరూ ఎత్తింది అంతే కదా. అక్కడ సలహా ఇచ్చినవాళ్ళ మీద ఆయనకి పాతికేళ్ళ తర్వాత కూడా కోపం పోలేదు. అమ్మ అయితే "ఆ రెండున్నర కిలోలు ఇంక దింపండి" అంటుంది.

మర్నాడు, బుధవారం, మీ జిల్లా పేపర్లో మల్లీశ్వరి ఫోటో పెద్దది వేశారు. నాన్న పొద్దున్నే నాలుగుసార్లు చదివి, మడత పెట్టి, రేడియో మీద పెట్టి, సాయంత్రం ఫ్రేము కట్టించడానికి ఇస్తానని అమ్మతో చెప్పి ఆఫీసుకి వెళ్ళాడు. నేను వినలేదు, లేదా విన్నాను గానీ చెవికెక్కలేదు. బడి నుంచి వచ్చి పేపరు తిప్పితే, ఆ ఫోటో వెనకవైపే సినిమా ప్రకటన, అందులో ఉదయ్ కిరణ్, మెడ కొంచెం పక్కకి వాల్చి నవ్వుతూ. జూన్‌లో వచ్చిన సినిమా అప్పటికి మా వైపు థియేటర్లకి షిఫ్టింగులో వచ్చింది. నేను ఆ వైపు చూడలేదండీ. ఒట్టు. బ్లేడు తీశాను, జుట్టు దగ్గర మొదలుపెట్టి కాలరు దాకా కోసి, అన్నం మెతుకులు నలిపి రఫ్ నోటుబుక్కులో అంటించేశాను.

నాన్న వచ్చి, కాళ్ళు కడుక్కుని, పేపరు మడత విప్పాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆ కాగితం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది: పైన ఇనప కడ్డీ అడ్డంగా, దానికి రెండు చివర్లా చక్రాలు, కింద మోకాళ్ళూ బూట్లూ, మధ్యలో మల్లీశ్వరి ఉండాల్సిన చోట మా వంటింటి గోడ. నాన్న ఆ కన్నంలోంచి నా వైపు చూశాడు.

"బరువు ఉన్నాది. ఎత్తిన మనిషి ఏదే?"

కొట్టలేదు. కొట్టినా బాగుండును. అమ్మ నోటుబుక్కు తెచ్చి చూపించింది. మెతుకులు అప్పటికే ఆరిపోయాయి, పీకితే రెండు వైపులా పోతుందని నాన్నే వద్దన్నాడు. అలా మల్లీశ్వరి నా రఫ్ బుక్కులో బోర్లా ఉండిపోయింది, ఆవిడ వీపు మీద ఉదయ్ కిరణ్ నవ్వుతూ. నాన్న పేపరేజెంటు దగ్గరికి వెళ్ళి ఇంకో కాపీ అడిగాడు. ఆ రోజు పేపరు మా ఊళ్ళో ఎలా మిగుల్తుంది, ఎవరిది వాళ్ళు దాచుకున్నారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ రోషం వచ్చింది. ఆయనకి యాభై ఏళ్ళు, బరువులెత్తే ఆవిడ ఫోటో కోసం మాటలు మానేస్తే తప్పు లేదు, నేను పదిహేనేళ్ళకి ఒక ఫోటో కోసుకుంటే తప్పా అని. (మా మేనత్త తర్వాతెప్పుడో చెప్పింది, నాన్న ఎస్సెల్సీ చదివే రోజుల్లో జమున బొమ్మున్న క్యాలెండరు కింద తేదీలన్నీ కోసేసి బొమ్మ ఒక్కటీ ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకున్నాడట, ఇంటిల్లిపాదికీ ఆ ఏడాది ఏ రోజు ఏకాదశో తెలియకుండా పోయిందట. కొయ్యడం మా వంశంలోనే ఉంది.)

నాన్న ఊళ్ళో పోస్టుమాస్టరు అని చెప్పలేదు కదూ. చెప్పాలి, ఎందుకంటే 2001లో, ఇంటర్‌లో చేరాక, నేను ఉదయ్ కిరణ్‌కి ఉత్తరం రాశాను. అప్పటికి అతన్ని హ్యాట్రిక్ హీరో అంటున్నారు, నా వాటా విలువ పెరిగింది. నీలం ఇన్‌లాండ్ లెటరు. ఏం రాశానో కొంత గుర్తుంది, చెప్పడానికి సిగ్గుగానే ఉంది: మీ జుట్టు బాగుంటుంది, ఎండలో ఎక్కువ షూటింగులు చెయ్యకండి, అరసవల్లి సూర్యదేవుడి గుడికి రండి, వస్తే ఆమదాలవలసలో దిగాలి, మా నాన్నగారు పోస్టుమాస్టరు, ఎవర్ని అడిగినా మా ఇల్లు చూపిస్తారు. పైన చిరునామా "ఉదయ్ కిరణ్ గారు, సినిమా హీరో, హైదరాబాద్" అంతే. తెలివిగా పోస్టాఫీసు డబ్బాలో వెయ్యకుండా కాలేజీ దారిలో చెట్టు కింద ఉండే డబ్బాలో వేశాను. ఊళ్ళో ఏ డబ్బాలో వేసినా సాయంత్రానికి అన్నీ నాన్న బల్ల మీదకే వస్తాయని, అక్కడే ముద్ర పడి సంచిలోకి వెళ్తాయని, పోస్టుమాస్టరు కూతుర్ని అయ్యుండి నాకు తట్టలేదు. స్టేషన్‌కి వెళ్ళి ఆర్ఎమ్ఎస్ డబ్బాలో, అంటే రైల్వే తపాలా వాళ్ళ డబ్బాలో, వేసుంటే తప్పించుకునేదాన్ని. జవాబు రాలేదు. రెండు నెలలు రోజూ పోస్టుమేన్ మొహం చూశాను, తర్వాత సెకండియర్ పరీక్షలు, తర్వాత డిగ్రీ, పెళ్ళి. నాన్న ఆ ఉత్తరం సంగతి ఎప్పుడూ ఎత్తలేదు కాబట్టి చూడలేదనే అనుకున్నాను.

2014 జనవరి 5 రాత్రి ఉదయ్ కిరణ్ చనిపోయాడు. ముప్ఫై మూడేళ్ళు. మర్నాడు సోమవారం. అప్పటికి నేను శ్రీకాకుళంలో ఉంటున్నాను, పాప చంకలో ఉంది, మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారు. బెంచీ నేస్తాల్లో ఒకతె, ఏళ్ళ తరబడి మాటల్లేని పిల్ల, నంబరు ఎక్కడ పట్టుకుందో, ఫోన్ చేసి "ఓలే, ఇన్నావా" అంది. ఆఁ అన్నాను. ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు, కాసేపు అలా పట్టుకుని పెట్టేశాం. టీవీలో వాళ్ళూ వీళ్ళూ వచ్చి చాలా మాట్లాడారు, హ్యాట్రిక్ హీరో అన్న మాట మళ్ళీ ఆ రోజు వినబడింది, మధ్యలో ఎన్నేళ్ళు ఎవరూ అనలేదో. మనవాళ్ళు పోతే పరామర్శకి వస్తారు. ఇలాంటి మనిషి పోతే ఎవరొస్తారు, ఎవరికి చెప్పుకుంటాం, ఏమని ఏడుస్తాం, ఆయనెవరు నాకు. పప్పు మాడిపోయింది.

పదకొండు గంటలప్పుడు తలుపు కొట్టారు. చూస్తే నాన్న. చేతిసంచీతో బస్సెక్కి వచ్చాడు. పన్నెండు పదమూడు కిలోమీటర్లే గానీ, ఆయన ఏదో ఒక పని లేకుండా వచ్చే మనిషి కాదు.

"ఏటి నాన్నా, ఇప్పుడొచ్చావు?"

"ఊరికే. మీ అమ్మ చోడిపిండి ఇచ్చిరమ్మంది."

పిండి అరకిలో కూడా లేదు. కూర్చున్నాడు, పాపని ఒళ్ళో వేసుకున్నాడు, టీ తాగాడు. టీవీ కట్టెయ్యమన్నాడు. కాసేపటికి గ్లాసు కింద పెట్టి, గోడవైపు చూస్తూ, "ఆ ఉత్తరానికి పిన్ కోడు నేనే రాసినాను" అన్నాడు. ఏ ఉత్తరం అని నేను అడగలేదు. "వట్టి హైదరాబాద్ అని రాస్తే ఎలగ, అన్ని ఆఫీసులూ తిరిగి తిరిగి డెడ్ లెటర్ ఆఫీసుకి పోద్ది. జూబ్లీహిల్స్ వేసినాను, 500033. సినిమావోళ్ళు అక్కడే కదా ఉంటారు." ఆయనకి పిన్ కోడు అంటే ప్రాణం లెండి, 1972 ఆగస్టు 15న పిన్ కోడు పెట్టారని స్వాతంత్ర్యదినం నాడు మాకు అదొక పాఠం చెప్పేవాడు.

"అందుంటాదా నాన్నా?"

"ఆరంకెలూ సరిగ్గా ఉంటే అందకపోడం ఏటి."

వెళ్ళేటప్పుడు సంచీలోంచి ఆ రోజు పేపరు తీసి బల్ల మీద పెట్టాడు. మా ఇంటికీ పేపరు వస్తుందని ఆయనకి తెలుసు. ఇది తను చదవకుండా, మడత విప్పకుండా తెచ్చింది. బ్లేడు ఉందా అని అడగలేదు, అడుగుతాడేమో అని మాత్రం అనిపించింది.

ఇక మాస్టారు రాసిన కొరియా పాటగాళ్ళ సంగతి. మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. బీటీఎస్ అని ఏడుగురు కుర్రాళ్ళ జట్టు, 2013 జూన్‌లో మొదలైంది, వాళ్ళ అభిమానుల్ని ఆర్మీ అంటారు. మొదటిసారి ఇది "తాతా, నేను ఆర్మీ" అంటే మా నాన్న కళ్ళు చెమర్చాయి. మా జిల్లాలో ఏ ఊరు చూసినా ఆర్మీకి వెళ్ళినవాళ్ళు ఉంటారు కదా, మనవరాలు కూడా వెళ్తోందనుకుని వీధి చివర కిళ్ళీ కొట్టు దాకా చెప్పేశాడు. సంగతి తెలిశాక రెండు రోజులు ముఖం చాటేశాడు. తర్వాత, ఆ దేశంలో మగపిల్లలందరూ కొన్నాళ్ళు సైన్యంలో చెయ్యాలని, ఈ కుర్రాళ్ళు కూడా పాటలు ఆపేసి వెళ్ళి 2025 జూన్‌కి అందరూ ఆ పని ముగించుకున్నారని ఇది చెప్పింది. ఒకతను మాత్రం సైన్యంలో కాదు, వేరే ప్రభుత్వ పనిలో ఆ కాలం పూర్తి చేశాడని కూడా చెప్పింది, తాతకి తప్పు చెప్పకూడదట. "అయితే నిజం ఆర్మీయే" అని ఆయన ఒప్పుకున్నాడు.

చదువు పాడవుతుందా అంటే, లెక్కల్లో ఎప్పుడూ అంతంతమాత్రమే, అది కొరియా వాళ్ళ తప్పు కాదు. రాత్రి పదయ్యాక ఫోన్ నా దగ్గర ఉంటుంది, అంతవరకు మాస్టారితో నాకు పేచీ లేదు. కానీ ఎవరూ చెప్పకుండా, ట్యూషన్ లేకుండా, కొరియా అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ఆ దేశంలో చిరునామా మనకి తిరగేసి రాస్తారట: ముందు రాష్ట్రం, తర్వాత ఊరు, వీధి, ఆఖర్న మనిషి పేరు. ఇది విన్నప్పుడు నాన్న మొహం చూడాలి. సార్టింగ్ చేసేవాడికి అదే సుఖం అన్నాడు. వాళ్ళకి పిన్ ఎన్ని అంకెలు అని అడిగాడు. 2015 నుంచి అయిదే అని మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. మనకంటే ఒకటి తక్కువ అని కాసేపు ఆలోచించి, "ఉత్తరం రాస్తే నాకు చూపించు, పైన నేను రాస్తాను" అన్నాడు. అది నవ్వింది, ఉత్తరాలు ఎవరు రాస్తారు తాతా అని.

నా రఫ్ బుక్కు ఏమైందంటే, పెళ్ళయ్యాక నా పుస్తకాల పెట్టె పలాస దగ్గర మా అత్తవారింట్లో అటక మీద ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పెంకులు లేచిపోయాయి. జీడి తోటలూ కొబ్బరి చెట్లూ వేళ్ళతో సహా పడిపోయి ఊళ్ళకి ఊళ్ళు ఏడుస్తుంటే నోటుబుక్కు గురించి ఎవర్ని అడుగుతాను. నాలుగు నెలల తర్వాత పెట్టె తెరిస్తే అంతా ముద్ద. ఇద్దరూ పోయారు, ఇటువైపు ఆయనా అటువైపు ఆవిడా.

నాన్నకి ఇప్పుడు డెబ్భై ఆరు. కన్నం పడ్డ ఆ కాగితం మాత్రం ఆయన బీరువాలో పాస్‌బుక్కుల కింద ఇప్పటికీ ఉంది. అందుకని నా విన్నపం ఇది. 2000 సెప్టెంబరు 20, బుధవారం, మీ శ్రీకాకుళం జిల్లా సంచిక. మీ ఆఫీసులో పాత ఫైళ్ళు ఉంచే ఉంటారు. ఆ పేజీ దొరికితే జిరాక్సు అయినా చాలు, ఖర్చు ఎంతైనా పంపుతాను, పోస్టులోనే పంపండి, చిరునామా విడిగా రాస్తున్నాను, అచ్చువెయ్యకండి. తీసేవాళ్ళకి ఒక్క మాట చెప్పండి, మల్లీశ్వరి ఉన్న వైపు ఒక్కటే తీసి ఊరుకుంటారేమో, కాగితం తిప్పి రెండో వైపు కూడా తియ్యమనండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
శ్రీకాకుళం